పరమాణువును చూశామంటే ఏం చూసినట్టు?

కరోనా రోజుల్లో టీవీ పెట్టినా ఫోన్ తెరిచినా ఒకటే బొమ్మ: బూడిదరంగు బంతి, దాని చుట్టూ ఎర్రటి ముళ్లు. అది చిత్రకారులు కంప్యూటర్ మీద తయారుచేసిన బొమ్మ. ఆ తర్వాత వార్తల్లో వచ్చిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రాల్లో కూడా వైరస్ ఒకచోట పసుపుగా, ఒకచోట ఊదాగా కనిపించింది. ఆ రంగులన్నీ తర్వాత అద్దినవే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు రంగంటే తెలియదు. అది ఇచ్చేది నలుపు తెలుపుల చిత్రం మాత్రమే. చాలామంది దాన్ని ఫొటో అనుకుంటారు, కానీ ఫొటో అనడం కూడా పూర్తిగా సరికాదు.

మైక్రోస్కోప్ అనగానే చిన్నదాన్ని పెద్దది చేసి చూపించే అద్దం మన మనసులో మెదులుతుంది. నానోమీటర్ల లోకంలోకి దిగాక ఆ ఊహ పనికిరాదు. నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు. మన చేతిగోరు సెకనుకు పెరిగేది ఇంచుమించు అంతే. అంత చిన్న వస్తువు దగ్గర ప్రతి పరికరమూ ఏదో ఒకదాన్ని కొలుస్తుంది. ఒకటి ఎలక్ట్రాన్లు ఎంత చెదిరాయో కొలుస్తుంది, ఇంకొకటి ఎంత కరెంటు పారిందో, మరొకటి సూదిమొనను ఎంత బలం లాగిందో కొలుస్తుంది. ఆ కొలతలను పేర్చితే బొమ్మ వస్తుంది. అందుకే ఇలాంటి బొమ్మ ఎదురైనప్పుడు ఇదేమిటి అని అడిగే ముందు ఇందులో కొలిచింది ఏమిటని అడగాలి. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల పెద్ద పెద్ద పరిశోధకులు కూడా పొరపడ్డారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మామూలు కాంతి ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 400 నుంచి 700 నానోమీటర్లు. జర్మనీలోని యేనా పట్టణంలో లెన్సుల మీద పనిచేసిన ఎర్నెస్ట్ ఆబే 1873లో ఒక విషయం తేల్చాడు. లెన్స్‌ను ఎంత నున్నగా సానపట్టినా, రెండు చుక్కల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం కంటే తగ్గితే ఆ రెండూ కలిసి ఒకే మసక మచ్చగా కనిపిస్తాయి. కాంతి తరంగం కాబట్టి, లెన్స్ దాటి వచ్చేటప్పుడు వ్యాపించక తప్పదు. తయారీలో లోపం కాదది, కాంతి స్వభావమే అంత. శాంపిల్‌కూ లెన్స్‌కూ మధ్య నూనెచుక్క వేసి చూసే మేలురకం ఆయిల్ ఇమ్మర్షన్ లెన్స్‌తో కూడా మనకు దక్కేది 200 నానోమీటర్ల దాకానే. వెయ్యి, రెండు వేల నానోమీటర్ల పొడవుండే బాక్టీరియా ఇందులో బాగా కనిపిస్తుంది. 100 నానోమీటర్ల వైరస్ ఆకారం అందదు. ఇంకా ఎన్ని రెట్లు పెద్దది చేసినా మచ్చ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరం రాదు.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ఒక వస్తువు ఉందని తెలుసుకోవడం వేరు, దాని ఆకారం చూడటం వేరు. 1900 తర్వాతి తొలి సంవత్సరాల్లోనే హెన్రీ సీడెన్‌టాఫ్, రిచర్డ్ జిగ్మాండీ అనే ఇద్దరు గాజులో కలిసిపోయిన కొద్ది నానోమీటర్ల బంగారు రేణువుల మీదకు పక్కనుంచి కాంతి కొట్టి, చీకటి నేపథ్యంలో వాటిని చూడగలిగారు. ఒక్కో రేణువూ మెరిసే చుక్కలా కనిపించింది. గుండ్రంగా ఉందో పలకలుగా ఉందో మాత్రం తెలియలేదు. అయినా లెక్కపెట్టడానికి అది చాలు. జిగ్మాండీకి 1925 సంవత్సరపు కెమిస్ట్రీ నోబెల్ దక్కింది. ఈ చిన్న తేడా దాదాపు వందేళ్ల తర్వాత మళ్లీ అక్కరకొచ్చింది.

కాంతి చాలనప్పుడు ఇంకా చిన్న తరంగం కావాలి. కణాలకు కూడా తరంగ స్వభావం ఉంటుందని 1924లో లూయీ డి బ్రోయ్ ప్రతిపాదించాడు. లక్ష వోల్టులతో పరుగెత్తించిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037 నానోమీటర్లు. పచ్చటి కాంతితో పోలిస్తే లక్ష రెట్ల కంటే ఎక్కువ చిన్నది. ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి అయస్కాంత క్షేత్రంతో దాని దారి వంచవచ్చు. అంటే తీగచుట్టతో లెన్స్ చేయవచ్చు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా ఈ పని చేసి చూపించారు. వాళ్ల మొదటి పరికరం వస్తువును ఇరవై రెట్లు కూడా పెద్దది చేయలేదు. రెండేళ్లలో రుస్కా కాంతి మైక్రోస్కోప్‌ను దాటేశాడు. పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు డి బ్రోయ్ సిద్ధాంతం సంగతే తెలియదట. తర్వాత విని, అయ్యో, ఇక్కడ కూడా తరంగమే అడ్డుపడుతుందా అని నిరాశపడ్డాడు. లెక్క వేసి చూసుకున్నాక ఆ అడ్డు ఎంత దూరాన ఉందో అర్థమై ఊపిరి పీల్చుకున్నాడు. నోబెల్ మాత్రం 1986లో గానీ రాలేదు.

అడ్డు దూరంగా ఉంది నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లడమే కష్టమైంది. గుండ్రటి అయస్కాంత లెన్స్‌కు గోళీయ దోషం తప్పదని 1936లో ఆటో షెర్జర్ గణితంతో నిరూపించాడు. అంచుల నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు, మధ్యనుంచి వచ్చేవి ఒకే బిందువు దగ్గర కలవవు. ఆ దోషం వల్ల దశాబ్దాలపాటు మంచి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ల స్పష్టత కూడా తరంగదైర్ఘ్యం కంటే ఎన్నో రెట్లు ముతకగానే ఉండిపోయింది. గుండ్రంగా లేని అయస్కాంతాల వరసతో ఆ దోషాన్ని సరిచేసే పద్ధతిని హారాల్డ్ రోజ్, మాక్సిమిలియన్ హైడర్, క్నుట్ ఉర్బన్ 1990ల్లో సాధించి చూపారు. ఆ తర్వాతే 0.1 నానోమీటర్ కంటే చిన్న దూరాలు మామూలుగా కనిపించడం మొదలైంది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లలో రెండు పెద్ద రకాలున్నాయి. ట్రాన్స్‌మిషన్ రకంలో ఎలక్ట్రాన్లు శాంపిల్ గుండా దూసుకుపోవాలి. అందుకని శాంపిల్ మందం సాధారణంగా 100 నానోమీటర్లు దాటకూడదు. స్కానింగ్ రకంలో సన్నటి ఎలక్ట్రాన్ పుంజం ఉపరితలం మీద వరసవరసగా తిరుగుతుంది. తగిలినచోట పైపొర నుంచి చిమ్మే ఎలక్ట్రాన్లను లెక్కపెడతారు. మనం చూసే ఈగ కన్ను, పుప్పొడి రేణువుల అద్భుతమైన చిత్రాలు ఈ రెండో రకానివి. వాటిలో చాలావాటికి ముందే కొన్ని నానోమీటర్ల మందాన బంగారం లాంటి లోహపు పూత వేస్తారు. లేకపోతే ఆవేశం పేరుకుపోయి బొమ్మ చెదిరిపోతుంది. కాబట్టి ఆ చిత్రంలో మనకు కనబడేది ఈగ కన్ను మీది లోహపు పూత.

ట్రాన్స్‌మిషన్ రకంలో పాత జీవకణ చిత్రాల సంగతీ అంతే. మైక్రోస్కోప్ లోపల గాలి ఉండదు. శూన్యంలో పెడితే కణంలోని నీరు ఇగిరిపోతుంది. అందుకే కణాన్ని రసాయనాలతో బిగుసుకునేలా చేసి, నీరు తీసేసి, రెజిన్‌లో గడ్డకట్టించి, వజ్రపు కత్తితో పల్చటి పొరలుగా కోసి, ఆస్మియం, యురేనియం, సీసం లవణాలు పట్టిస్తారు. పాఠ్యపుస్తకాల్లో మైటోకాండ్రియాలోని నల్లటి మడతలు చూశాం కదా, ఆ నలుపంతా భార లోహాలు అంటుకున్న చోటు. లోహం అంటని చోట ఏమున్నా తెల్లగానే ఉంటుంది. ఆ చిత్రాలు అబద్ధమని కాదు. కణం గురించి మనకు తెలిసినదాంట్లో సగం వాటి నుంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు. కానీ అవి చూపించేది లోహం ఎక్కడ పట్టిందన్నది.

లోహాలు పట్టించకుండా, నీరు తీయకుండా ప్రొటీన్‌ను చూడలేమా? నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. నీళ్లను గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు వస్తాయి. అవి ప్రొటీన్‌ను నలిపేస్తాయి, ఎలక్ట్రాన్లను కూడా గట్టిగా చెదరగొడతాయి. స్ఫటికం ఏర్పడే వ్యవధి కూడా ఇవ్వకుండా నీటిని చల్లబరిస్తే అది గాజులా బిగుసుకుపోతుంది. 1980ల తొలి సంవత్సరాల్లో జాక్ దుబోషే బృందం ఈ పద్ధతిని పట్టుకుంది. దాన్ని ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న లోహపు జల్లెడ. దాని మీద చిల్లులున్న కార్బన్ పొర. దానిపై ప్రొటీన్ కలిసిన నీటిబొట్టు ఒక్కటి, మూడు మైక్రోలీటర్లు. ఫిల్టర్ కాగితంతో అద్దితే నీరంతా పోయి చిల్లుల్లో పల్చటి పొర మాత్రం మిగులుతుంది. అది ఆరిపోయేలోపే జల్లెడను ద్రవ ఈథేన్‌లోకి విసురుగా ముంచుతారు. ద్రవ నైట్రోజన్ ఇంకా చల్లన కదా, నేరుగా అందులోనే ముంచవచ్చు కదా అనిపిస్తుంది. అందులో ముంచితే శాంపిల్ చుట్టూ నైట్రోజన్ మరిగి ఆవిరి తొడుగు ఏర్పడుతుంది. ఆ తొడుగు వేడిని బయటికి పోనివ్వదు, చల్లబడటం ఆలస్యమై మంచు స్ఫటికాలు వచ్చేస్తాయి. నైట్రోజన్‌తో చల్లబరిచిన ఈథేన్ అంత తేలిగ్గా మరగదు. ఆ తర్వాత శాంపిల్‌ను సుమారు మైనస్ 135 డిగ్రీలకు దిగువనే ఉంచాలి. కాస్త వేడెక్కినా గాజు కాస్తా స్ఫటికమైపోతుంది.

అక్కడితో అయిపోలేదు. ఎలక్ట్రాన్లు ప్రొటీన్‌ను చూపించడమే కాదు, పాడుచేస్తాయి కూడా. అందుకని చాలా తక్కువ ఎలక్ట్రాన్లతో చిత్రం తీయాలి. అలా తీసిన చిత్రంలో ప్రొటీన్ దాదాపు కనిపించదు, అంతా ఇసుక చల్లినట్టు ఉంటుంది. దీనికి యోఆకిం ఫ్రాంక్ లెక్కల దారి చూపించాడు. ఒకే రకం ప్రొటీన్ అణువులు వేలల్లో, లక్షల్లో రకరకాల భంగిమల్లో పడి ఉంటాయి కాబట్టి, ఒకే వైపుకు తిరిగినవాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి సర్ది, సగటు తీయాలి. గజిబిజి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, ఆకారం నిలుస్తుంది. ఇలాంటి చిత్రాలతో పరమాణువుల అమరిక తేల్చగలమని రిచర్డ్ హెండర్సన్ 1990లో బాక్టీరియోరోడాప్సిన్ అనే ప్రొటీన్‌తో నిరూపించాడు. ముగ్గురికీ 2017లో నోబెల్ వచ్చింది. కరోనా వైరస్ జన్యుక్రమం 2020 జనవరిలో బయటికొస్తే, ఫిబ్రవరికల్లా దాని ముల్లు ఆకృతి ప్రపంచం ముందుంది. అది ఈ క్రయో, అంటే అతిగా చల్లబరిచి చూసే పద్ధతి చలవే.

కానీ సగటు అనే మాట దగ్గర జాగ్రత్తపడాలి. ఏ ఆకారం కోసం వెతుకుతున్నామో కంప్యూటర్‌కు ముందే చూపించామనుకోండి. ఉత్త గజిబిజి చిత్రాలు ఇచ్చినా అది ఆ ఆకారానికి కాస్తో కూస్తో సరిపోయేలా వాటిని సర్దేస్తుంది. సగటు తీస్తే ఆ ఆకారమే తేలుతుంది. ఐన్‌స్టీన్ ఫొటోను నమూనాగా ఇచ్చి, ఏమీ లేని గజిబిజి చిత్రాలను దానికి సరిపోయేలా సర్ది సగటు తీస్తే ఐన్‌స్టీన్ ముఖమే బయటికొచ్చింది. 2013లో హెండర్సన్ స్వయంగా ఈ ఉదాహరణ ఎత్తిచూపి తోటి పరిశోధకులను హెచ్చరించాడు. అందుకే ఇప్పుడు డేటాను రెండు సగాలుగా విడదీసి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా లెక్కకట్టి, రెండూ ఎంత సూక్ష్మ వివరం దాకా ఏకీభవిస్తే అంతవరకే నమ్ముతారు. ఇది చాలా నిజాయితీ గల నియమం అని నా అభిప్రాయం.

ఇక లెన్సే లేని మైక్రోస్కోప్‌లున్నాయి. 1981లో జ్యూరిక్ దగ్గరి ఐబీఎం ల్యాబ్‌లో గెర్డ్ బిన్నిగ్, హైన్‌రిష్ రోరర్ ఒక లోహపు సూదిమొనను ఉపరితలానికి నానోమీటర్ కంటే దగ్గరగా తెచ్చారు. మొన తగలదు. అయినా చిన్న వోల్టేజి పెడితే మధ్యలోని ఖాళీని దాటి కరెంటు పారుతుంది. క్వాంటమ్ సిద్ధాంతం దీన్ని టన్నెలింగ్ అంటుంది. దూరం 0.1 నానోమీటర్ పెరిగితే ఈ కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మొన చివర అందరికంటే ముందుకొచ్చిన ఒక్క పరమాణువు గుండానే దాదాపు కరెంటంతా పోతుంది, వెనకున్నవాటికి వంతు రాదు. అలా సూది ఎంత మొద్దుగా ఉన్నా చివరి పరమాణువే పని చేసిపెడుతుంది. వోల్టేజి పెడితే ఇసుమంత సాగే పీజో స్ఫటికాలు మొనను అటూ ఇటూ తిప్పుతాయి. కరెంటు మారకుండా ఉండేలా మొనను పైకీ కిందకీ జరుపుతూ, ఆ ఎత్తుపల్లాలను నమోదు చేస్తారు. పక్కగదిలో ఎవరైనా నడిచినా చెదిరిపోయే కొలత ఇది. పరికరాన్ని స్ప్రింగుల మీద వేలాడదీసి, అయస్కాంతాలతో ఊగకుండా ఆపి తంటాలు పడ్డారు.

సిలికాన్ ఉపరితలంలోని పరమాణువుల అమరిక ఎలా ఉంటుందన్నది అప్పటికి ఏళ్ల తరబడి తెగని చిక్కుముడి. 1983లో వీళ్లు అచ్చువేసిన బొమ్మ చూడండి: పరికరం కాగితం మీద గీసిన గీతలను వరసగా పేర్చి తయారుచేసిన ఎత్తుపల్లాల నమూనా అది. వజ్రాకారపు గడి, ఒక్కో వైపు ఏడు పరమాణువుల దూరం, అందులో పన్నెండు మిట్టలు. చిక్కుముడి విప్పడానికి ఆధారం దొరికింది. రుస్కాతో కలిపి 1986లో వీళ్లకు కూడా నోబెల్ ఇచ్చారు.

ఆ మిట్టలు పరమాణువులేనా? ఇక్కడే మొదట అన్న ప్రశ్న పనికొస్తుంది. ఈ పరికరం కొలిచేది కరెంటు. అంటే ఒక నిర్దిష్ట వోల్టేజి దగ్గర ఎలక్ట్రాన్లు ఇవ్వడానికో పుచ్చుకోవడానికో ఉపరితలంలో ఎక్కడ వీలుందో కొలుస్తుంది. గాలియం ఆర్సెనైడ్ స్ఫటికాన్ని తీసుకోండి. వోల్టేజి ఒక దిశలో పెడితే ఆర్సెనిక్ పరమాణువులు మాత్రమే కనిపిస్తాయి. దిశ మార్చగానే అవి మాయమై, వాటి మధ్యలో గాలియం పరమాణువులు ప్రత్యక్షమవుతాయి. స్ఫటికంలో ఏమీ కదల్లేదు, మనం అడిగిన ప్రశ్న మారింది. గ్రాఫైట్‌లో ఆరు పరమాణువుల షడ్భుజిలో మూడే కనిపిస్తాయి. అడుగు పొరలో సరిగ్గా కిందనే పరమాణువు ఉన్నవి ఎలక్ట్రాన్ల లెక్కలో తేడా వల్ల మసకబారతాయి.

గ్రాఫైట్ ఇంకో పెద్ద పాఠమే నేర్పింది. 1980ల చివర గ్రాఫైట్ మీద డీఎన్ఏ పోసి ఈ మైక్రోస్కోప్‌తో చూశారు. మెలికలు తిరిగిన తాడు లాంటి చిత్రాలు వచ్చాయి, అందరూ సంబరపడ్డారు. 1991లో కరోల్ క్లెమర్, థామస్ బీబీ డీఎన్ఏ ఊసే లేని శుభ్రమైన గ్రాఫైట్‌ను చూసి, దాని పొరల అంచుల దగ్గర అచ్చం అలాంటి మెలికలే చూపించారు. డీఎన్ఏ అనుకున్నవాటిలో ఎన్ని గ్రాఫైట్ అంచులో తేల్చుకోవాల్సి వచ్చింది. చూడాలనుకున్నది దొరికినప్పుడే ఎక్కువ అనుమానించాలి, కానీ ఆ సమయంలో ఎవరికైనా అది కష్టమే.

ఈ పరికరం అడుగడుగునా అబ్బురపరుస్తుంది. 1989లో డాన్ ఐగ్లర్ 35 జెనాన్ పరమాణువులను సూదిమొనతో ఒక్కొక్కటిగా జరిపి, నికెల్ మీద తన కంపెనీ పేరులోని ఐబీఎం అనే మూడు అక్షరాలు రాశాడు. 1993లో రాగి మీద 48 ఇనుము పరమాణువులను వలయంగా పేర్చితే, లోపల నీటి అలల్లాంటి గుండ్రటి తరంగాలు కనిపించాయి. ఆ అలలు రాగిలోని గతుకులు కావు. వలయంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల తరంగాలు. ఎత్తుపల్లాల చిత్రమని పొరబడితే ఆ బొమ్మలోని అసలు విశేషమే చేజారిపోతుంది.

కరెంటు పారని వస్తువుల సంగతేమిటి? దానికోసమే 1986లో బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్ తయారుచేశారు. వంద మైక్రోమీటర్ల పొడవుండే సన్నటి పట్టీ, దాని చివర మొన. ఉపరితలం మొనను లాగినా తోసినా పట్టీ వంగుతుంది. పట్టీ వీపు మీద లేజర్ పడేసి, తిరిగొచ్చే కిరణం ఎంత జరిగిందో చూస్తారు. గాలిలోనూ పనిచేస్తుంది, నీటిలోనూ పనిచేస్తుంది. చచ్చిపోయిన, ఎండిపోయిన శాంపిలే ఉండాలన్న నిర్బంధం లేదు. 2010లో తోషియో ఆండో బృందం దీన్నే వేగంగా నడిపి, మయోసిన్ అనే ప్రొటీన్ తన తీగ మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడవడాన్ని వీడియోగా చూపించింది. నీటిలో, జరుగుతుండగానే!

దీని ఇబ్బంది మొన మందంతో వస్తుంది. చేతికి లావుపాటి గ్లవుజు తొడుక్కుని, కళ్లు మూసుకుని బల్ల మీది దారాన్ని తడిమితే దాని వెడల్పు సరిగ్గా తెలియదు కదా, అలాగే. మామూలు మొన కొస వ్యాసార్ధం పది నానోమీటర్ల దాకా ఉంటుంది. రెండు నానోమీటర్ల డీఎన్ఏ చిత్రంలో పది, ఇరవై నానోమీటర్ల లావున కనిపిస్తుంది. ఎత్తు అంత దెబ్బతినదు, కాబట్టి తెలిసినవాళ్లు ఎత్తునే నమ్ముతారు. మొన విరిగి రెండు కొసలైతే చిత్రంలో ప్రతి వస్తువూ జంటగా, ఒకే దిశలో ఒకే దూరంలో కనిపిస్తుంది. శాంపిల్‌ను కాస్త తిప్పి మళ్లీ స్కాన్ చేస్తే నిజం బయటపడుతుంది. జంటలు శాంపిల్‌తోపాటు తిరిగితే అవి శాంపిల్‌వి, తిరగకపోతే మొనవి. మొన చివర ఒకే ఒక్క కార్బన్ మోనాక్సైడ్ అణువును అతికించి, 2009లో ఐబీఎం జ్యూరిక్ బృందం పెంటసీన్ అణువులోని అయిదు వలయాలనూ విడివిడిగా చూపించింది. కెమిస్ట్రీ పుస్తకంలో గీసే బొమ్మ ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

కాంతిని మర్చిపోయామా? లేదు. ఆబే హద్దు ఇప్పటికీ నిజమే, కానీ ఒక్క చుక్కే మెరిస్తే దాని మసక మచ్చ మధ్యబిందువును ఎంతో కచ్చితంగా లెక్కకట్టవచ్చు. సీడెన్‌టాఫ్ కాలం నాటి సంగతే ఇది. మెరిసే రంగు అణువులను ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా వెలిగించి, ఒక్కొక్కదాని చోటు గుర్తించి, చివర్లో అన్నీ కలిపితే 20 నానోమీటర్ల వివరం వస్తుంది. ఎరిక్ బెట్జిగ్ 2006లో చేసింది ఇదే. స్టెఫాన్ హెల్ ఇంకో దారి పట్టాడు: మెరిసే మచ్చ చుట్టూ రెండో లేజర్ వలయం వేసి అంచులు ఆర్పేశాడు. ఒంటరి అణువును కాంతితో మొదట గుర్తించిన విలియం మోర్నర్‌తో కలిపి వీరికి 2014లో నోబెల్ వచ్చింది. 2013లో షావోవెయ్ జువాంగ్ బృందం నాడీకణాల పొడవాటి తీగల్లో 190 నానోమీటర్లకొకటి చొప్పున ఆక్టిన్ అనే ప్రొటీన్ వలయాలు ఉన్నాయని ఈ కోవకు చెందిన పద్ధతితోనే కనిపెట్టింది. అంతకుముందు మామూలు కాంతిలో అదంతా ఒకే గీత. అయితే ఇందులో కనబడేది రంగు అంటిన చోటే. రంగును యాంటీబాడీతో అంటిస్తే, చుక్క అసలు ప్రొటీన్‌కు పది నానోమీటర్ల దూరంలో ఉన్నా ఆశ్చర్యం లేదు.

కాబట్టి బొమ్మ కింద పరికరం పేరు, కొలత గీత లేకపోతే, రంగులు తర్వాత వేశామన్న మాట లేకపోతే ఆ బొమ్మ పాఠకుడికి ఏమీ చెప్పనట్టే. పత్రికల్లో ఈ మూడూ తరచుగా ఎగిరిపోతాయి. సైన్స్ మీద నమ్మకం పెంచాలనుకునేవాళ్లే ఈ పని చేస్తే బాధగా ఉంటుంది.

స్పష్టత పందెం ఒకవైపు దాదాపు చివరికొచ్చింది. 2021లో కార్నెల్ యూనివర్సిటీలో డేవిడ్ ముల్లర్ బృందం, స్ఫటికం మీద ఎలక్ట్రాన్ పుంజాన్ని తిప్పుతూ ఎలక్ట్రాన్లు చెదిరిన తీరునంతా నమోదుచేసి, బొమ్మను కంప్యూటర్‌తో వెనక్కి లెక్కకట్టింది. అందులో మిగిలిన మసకకు ప్రధాన కారణం పరికరం కాదు, వేడి వల్ల పరమాణువులు వణకడమే. ప్రొటీన్ల దగ్గర పరిస్థితి వేరు. పొడవూ వెడల్పూ 0.1 నానోమీటర్ ఉండే చదరానికి కొన్ని పదుల ఎలక్ట్రాన్లు పడేసరికే సూక్ష్మ వివరాలు చెడిపోతాయి. ఎంత గొప్ప లెన్స్ పెట్టినా ఆ లెక్క మారదు. అందుకే అక్కడి పరిశోధనంతా ఇప్పుడు పడిన ప్రతి ఎలక్ట్రాన్‌నూ వదలకుండా పట్టుకునే కెమెరాల మీద, తక్కువ సమాచారంతో ఎక్కువ రాబట్టే లెక్కల మీద సాగుతోంది.